పాత మస్టాంగ్, ఫాల్కన్, గ్రనాడా: ఒక బండి సస్పెన్షన్ భాగాలు మరో బండికి వేయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఏయే బండ్ల మధ్య భాగాలు మారతాయి?

ఈ పేజీలో ఉన్నదంతా ఫోర్డ్ కంపెనీ ఒకే పునాది మీద కట్టిన బండ్ల గురించి. 1960 మోడల్ ఫాల్కన్‌తో ఆ పునాది మొదలైంది. అదే ఏడు కామెట్ వచ్చింది. 1964 ఏప్రిల్ 17న మస్టాంగ్, 1967 మోడల్‌గా కూగర్, 1970 మోడల్‌గా మావెరిక్, 1975లో గ్రనాడా, మొనార్క్, 1977లో లింకన్ వర్సైల్స్ వరుసగా దిగాయి. ఫెయిర్‌లేన్‌ది కూడా ఇదే పద్ధతి, కొలతలు మాత్రం పెద్దవి.

ఇన్నేళ్లూ అమరిక మారలేదు కాబట్టి భాగాలు ఒకదాని నుంచి ఇంకొకదానికి చాలావరకు ఎక్కుతాయి. ఎక్కడం వేరు, సరిపోవడం వేరు. బోల్టు దూరిందంటే పని అయిపోయినట్టు కాదు. టేపర్ (కాడ, బెజ్జం ఒకవైపు సన్నబడే వాలు) కలవాలి, స్టీరింగ్ కోణాలు నిలవాలి, బ్రేకులు రెండు వైపులా సమంగా పట్టాలి. కింద ప్రతి జవాబులోనూ మేం చూపించేది ఈ తేడానే.

ఈ బండ్ల ముందు సస్పెన్షన్‌లో ప్రత్యేకత ఏమిటి?

చక్రాన్ని బండికి కలిపే చేతులను ఆర్మ్‌లు అంటారు, పైనొకటి, కిందొకటి. కాయిల్ స్ప్రింగు పై ఆర్మ్ మీద కూర్చుంటుంది. దాని పైకొస షాక్ టవర్‌లోకి, అంటే ఇంజిన్ పక్కన నిలువుగా లేచి ఉండే రేకు గూటిలోకి వెళుతుంది. కింది ఆర్మ్ లోపలి వైపు ఒకే ఒక బోల్టు మీద తిరుగుతుంది, అది ముందుకూ వెనక్కూ కదలకుండా స్ట్రట్ రాడ్ పట్టి ఉంచుతుంది. స్టీరింగ్ రాడ్లు ఇరుసుకు వెనక వైపున ఉంటాయి. వెనక చక్రాలకు కమాన్ పట్టీలు.

రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, బండి ముందు బరువంతా షాక్ టవర్ల మీదే పడుతుంది. రెండు, స్ప్రింగు ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి స్ప్రింగు ఒక అంగుళం కదిలితే చక్రం సుమారు రెండు అంగుళాలు కదులుతుంది.

ఆరు సిలిండర్ల మస్టాంగ్‌ను ఐదు బోల్టుల చక్రాలకు మార్చాలంటే ఏమేం కావాలి?

1964½ (1964 మధ్యలో వచ్చిన తొలి మస్టాంగ్‌లు) నుంచి 1966 వరకు ఆరు సిలిండర్ల బండికి నాలుగు బోల్టుల హబ్బు, ముందు 9 అంగుళాల డ్రమ్ములు. వి8 (ఎనిమిది సిలిండర్ల) బండికి 4½ అంగుళాల వృత్తంలో ఐదు బోల్టులు, 10 అంగుళాల డ్రమ్ములు. తేడా బోల్టుల లెక్కతో ఆగదు. స్పిండిల్, అంటే చక్రం బేరింగులు ఎక్కే మొండి ఇరుసు, ఆరు సిలిండర్ల బండిలో సన్నగా ఉంటుంది. హబ్బుకు కొత్త బెజ్జాలు వేసి ఐదు బోల్టులు చేసినా బేరింగులు ఆ చిన్నవే ఉంటాయి. ఆ దారి వద్దు.

ముందు వైపు కావలసినవి: రెండు వి8 స్పిండిళ్లు, హబ్బులతో సహా డ్రమ్ములు, బ్యాకింగ్ ప్లేట్లు, షూలు, వీల్ సిలిండర్లు, లోపలి బయటి బేరింగులు, గ్రీజు సీళ్లు. పై ఆర్మ్, కింది ఆర్మ్ మార్చక్కర్లేదు, ఆ ఏళ్లలో రెండింటికీ అవే. టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ రాడ్డు కొస కీలు, దగ్గరే చాలామంది ఆగిపోతారు. వి8 స్పిండిల్‌లో దాని బెజ్జం పెద్దది, పాత ఎండ్ అందులో వదులుగా ఆడుతుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. సెంటర్ లింకు, ఐడ్లర్ ఆర్మ్, లోపలి బయటి టై రాడ్ ఎండ్లు అన్నీ వి8వి వేయవచ్చు. లేదా పాత లింకేజీ ఉంచి, ఒక కొస ఆరు సిలిండర్ల స్లీవుకూ (రెండు ఎండ్లను కలిపే మర గొట్టం) మరో కొస వి8 స్పిండిల్‌కూ సరిపోయేలా చేసిన కన్వర్షన్ ఎండ్లు కొనవచ్చు. ఇంజిన్ కూడా వి8కి మార్చే ఆలోచన ఉంటే మొదటిదే చేయండి.

వెనక ఆరు సిలిండర్ల బండికి 7¼ అంగుళాల డిఫరెన్షియల్ ఉంటుంది. 8 అంగుళాల ఇరుసు మొత్తం మార్చుకోవడమే తేలిక. దాంతోపాటు ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, యూనివర్సల్ జాయింట్ సైజు, హ్యాండ్ బ్రేకు కేబుళ్లు చూసుకోవాలి.

1967 తర్వాతి ఆర్మ్‌లు 1965, 66 బండికి పనికొస్తాయా?

పనికిరావు. 1967లో ముందు చక్రాల మధ్య దూరాన్ని ఫోర్డ్ సుమారు రెండు అంగుళాలు పెంచింది. అలైన్‌మెంట్ చేసే పద్ధతీ అప్పుడే మారింది. 1966 వరకు పై ఆర్మ్ షాఫ్టుకూ షాక్ టవర్‌కూ మధ్య పెట్టే షిమ్ములతోనే (పలచని రేకు ముక్కలు) కేంబర్ (చక్రం లోపలికి, బయటికి వాలే కోణం), కాస్టర్ (చక్రం తిరిగే కీలు ముందుకు, వెనక్కి వాలే కోణం) రెండూ సరిచేస్తారు. 1967 నుంచి కింది ఆర్మ్ బోల్టుకు ఉన్న ఎక్సెంట్రిక్‌తో (బెజ్జం నడుమ కాక పక్కకు ఉన్న బిళ్ల) కేంబర్, మర ఉన్న స్ట్రట్ రాడ్‌తో కాస్టర్. విడిభాగాల కేటలాగుల్లో 1964½–66కు ఒక నంబరు, 1967కు ఇంకొకటి, 1968–73కు మరొకటి ఉంటాయి. అమ్మేవాడు "అన్నీ ఒకటే" అన్నా నంబరు చూసే కొనండి. కూగర్ భాగాలు మాత్రం అదే ఏడాది మస్టాంగ్‌కు నిశ్చింతగా వాడుకోవచ్చు.

గ్రనాడా డిస్క్ బ్రేకుల మార్పు అంటే ఏమిటి? అంత పేరెందుకు?

1975–80 గ్రనాడా, మొనార్క్, 1977–80 వర్సైల్స్ బండ్లకు ముందు 11 అంగుళాల డిస్కులు, ఒకే పిస్టన్ ఉన్న క్యాలిపర్లు వచ్చేవి. వాటి స్పిండిళ్లు పాత వి8 మస్టాంగ్ బాల్ జాయింట్లకు (ఆర్మ్ కొసన ఉండే గుండు కీళ్లు) ఎక్కుతాయి. 1965–67 మస్టాంగ్‌లకు అసలు కంపెనీ ఇచ్చిన కెల్సీ హేస్ డిస్కుల్లో ఒక్కో క్యాలిపర్‌కు నాలుగు పిస్టన్లు. వాటి భాగాల ఖరీదు ఎక్కువ, తేమకు తుప్పు పట్టి పిస్టన్లు బిగుసుకుపోతాయి. గ్రనాడావి చవక, ప్యాడ్లు ఏ దుకాణంలో అయినా దొరుకుతాయి. అందుకే స్క్రాప్ యార్డుల్లో గ్రనాడా కనిపిస్తే ముందు స్పిండిళ్లే ఊడిపోయేవి.

డోనర్ బండి, అంటే భాగాలు తీసుకునే పాత బండి, నుంచి విప్పేటప్పుడు ముందు చక్రాలకు సంబంధించినవన్నీ కలిపి తెచ్చుకోవాలి: రెండు స్పిండిళ్లు, క్యాలిపర్ పట్టే బ్రాకెట్లు, దుమ్ము రేకులు, క్యాలిపర్లు, వాటిని పట్టి ఉంచే చిన్న చిన్న ముక్కలు, బోల్టులతో సహా. రోటర్లు, బేరింగులు, సీళ్లు, హోసులు కొత్తవి కొనండి. పాత రోటర్ వాడాల్సి వస్తే కనీస మందం ఎంతో దాని మీదే పోత అక్షరాల్లో ఉంటుంది. మైక్రోమీటరుతో నాలుగైదు చోట్ల కొలవండి.

బిగించే వరుస ఇది. స్పిండిల్‌లోకి కింది బాల్ జాయింట్ ముందు, తర్వాత పైది. స్టీరింగ్ ఆర్మ్ వెనక్కి చూస్తూ ఉండాలి. బ్రాకెట్, దుమ్ము రేకు, ఆ తర్వాత గ్రీజు నింపిన బేరింగులతో రోటర్. బేరింగు నట్టును రోటర్ తిప్పుతూ 17 నుంచి 25 ఫుట్-పౌండ్ల దాకా బిగించాలి. అర చుట్టు వెనక్కి వదలాలి. మళ్లీ 10 నుంచి 15 అంగుళాల-పౌండ్లు మాత్రమే, అంటే వేళ్లతో తిప్పినంత, బిగించి స్ప్లిట్ పిన్ వేయాలి. చివరి అంకె అంగుళాల-పౌండ్లని గమనించండి. దాన్ని ఫుట్-పౌండ్లు అనుకుని బిగిస్తే కొద్ది మైళ్లకే బేరింగు నీలం రంగుకు కాలిపోతుంది.

క్యాలిపర్లు కుడి ఎడమలు తారుమారైనా ఎక్కుతాయి. అప్పుడు బ్లీడర్ స్క్రూ (బ్రేకు నూనెలోని గాలి వదిలే మర) అడుగున పడుతుంది, గాలి పైన చిక్కుకుంటుంది, ఎంత బ్లీడ్ చేసినా పెడల్ మెత్తగానే దిగుతుంది. స్క్రూ పైకి ఉందో లేదో ముందే చూడండి.

గ్రనాడా స్పిండిల్ వేశాక స్టీరింగ్ గతుకుల్లో లాగుతోంది. ఎందుకు?

స్పిండిల్ మీద టై రాడ్ బెజ్జం ఉన్న చోటు మస్టాంగ్ స్పిండిల్‌తో పోలిస్తే వేరు. చక్రం పైకి కిందికి కదిలేటప్పుడు ఆర్మ్‌లు ఒక చాపంలో, టై రాడ్ ఇంకో చాపంలో కదులుతాయి. రెండూ కలవకపోతే స్టీరింగ్ తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. ఈ మార్పును పొగిడేవాళ్లలో చాలామంది ఈ సంగతి చెప్పరు. నెమ్మదిగా ఊళ్లో తిరిగే బండికి అది తెలియకపోవచ్చు. హైవే మీద మలుపులో గతుకు తగిలితే బాగా తెలుస్తుంది.

టై రాడ్ టేపర్ సమస్య ఇక్కడ కూడా ఉంది. 1967–69 బండ్లకు 1970 మస్టాంగ్ బయటి టై రాడ్ ఎండ్లు వాడడం పరిపాటి. 1965, 66 బండ్లకు స్లీవు మర కూడా కలవాలి కాబట్టి అందుకని ప్రత్యేకంగా చేసిన ఎండ్లు లేదా బంప్ స్టీర్ కిట్ తీసుకోవాలి.

బంప్ స్టీర్‌ను ఇంట్లో ఎలా కొలవాలి?

స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ తీసేయండి. స్టీరింగ్‌ను నేరుగా పెట్టి కదలకుండా కట్టేయండి. హబ్బుకు ఒక చదునైన పలక బిగించండి, ముందు అంచుకూ వెనక అంచుకూ సమాన దూరంలో గుర్తులు పెట్టండి. పక్కన కదలని స్టాండు ఒకటి నిలిపి, ఆ రెండు గుర్తుల దాకా దూరం కొలవండి. బండి మామూలుగా నిలబడే ఎత్తు దగ్గర మొదలుపెట్టి, జాకీతో కింది ఆర్మ్‌ను అర అంగుళం చొప్పున రెండు అంగుళాలు పైకి, రెండు అంగుళాలు కిందికి కదిలిస్తూ ప్రతిసారీ రాసుకోండి. ముందు, వెనక కొలతల తేడా మారుతోందంటే అదే బంప్ స్టీర్.

చక్రం పైకి వెళ్లేకొద్దీ ముందు అంచు బయటికి తెరుచుకుంటే టై రాడ్ బయటి కొస కిందికి దిగాలి. లోపలికి మూసుకుంటే పైకి ఎక్కాలి. బంప్ స్టీర్ కిట్‌లో స్పేసర్లు ఉండేది అందుకే. పలచని స్పేసర్ ఒక్కొక్కటిగా మారుస్తూ మళ్లీ కొలవండి. ఓపిక కావాల్సిన పని. ఒక పూట పడుతుంది, కానీ ఈ మార్పు మొత్తంలో బండి నడకను ఇంతగా బాగుచేసే పని ఇంకొకటి లేదు.

టేపర్ కలిసిందో లేదో ఎలా తెలుస్తుంది?

బాల్ జాయింట్ లేదా టై రాడ్ ఎండ్ కాడకు మార్కరు పెన్నుతో పొడవునా నాలుగు గీతలు గీయండి. బెజ్జాన్ని శుభ్రంగా తుడిచి కాడ పెట్టి, చేత్తో గట్టిగా నొక్కి పావు చుట్టు తిప్పి తీయండి. గీతలు పై నుంచి కింది దాకా సమంగా చెరిగితే కలిసినట్టే. పైన ఒక్క ఉంగరం మాత్రమే, లేదా కింద ఒక్క ఉంగరం మాత్రమే చెరిగితే కోణం వేరు. అలాంటిదాన్ని నట్టు బిగించి లాగితే ఆరోజుకు గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది, తర్వాత కాడ లోపల కొట్టుకుని అరిగి, విరుగుతుంది. టై రాడ్ ఊడితే చక్రం మీ చేతిలో ఉండదు.

స్ప్లిట్ పిన్ బెజ్జం కూడా చూడండి. నట్టు పూర్తిగా బిగిశాక ఆ బెజ్జం నట్టు గాళ్ల కన్నా పైకి వెళ్లిపోతే కాడ మరీ లోతుగా దిగిందని అర్థం. వాషర్లు పేర్చి సరిపెట్టకండి. టై రాడ్ నట్టుకు 35 నుంచి 47 ఫుట్-పౌండ్లు. బెజ్జం కలవకపోతే ఎప్పుడూ ఇంకాస్త బిగించే కలపాలి, వదులు చేసి కాదు.

డ్రమ్ముల మాస్టర్ సిలిండర్‌తోనే డిస్కులు నడుస్తాయా?

నడపకూడదు. 1966 వరకు మస్టాంగ్‌కు ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్. ఒక్క హోసు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. 1967 నుంచి రెండు గదులది వచ్చింది. డిస్కులు వేస్తున్నప్పుడే ఇదీ మార్చేయండి. పవర్ బూస్టర్ లేని బండికి 15/16 అంగుళాల బోరు ఉన్నది మామూలుగా బాగా కుదురుతుంది. బోరు పెద్దదైతే పెడల్ గట్టిబడుతుంది, చిన్నదైతే పెడల్ ఎక్కువ దిగుతుంది.

డ్రమ్ముల మాస్టర్ సిలిండర్ లోపల సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడిని నిలిపే చిన్న వాల్వు ఉంటుంది. డిస్కుల లైనులో అది మిగిలిపోతే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ ఉంటాయి, చక్రం చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. వెనక డ్రమ్ముల లైనుకు మాత్రం సర్దుకోవడానికి వీలున్న ప్రపోర్షనింగ్ వాల్వు (ఒత్తిడి తగ్గించేది) పెట్టాలి. లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే లాకయి బండి అడ్డం తిరుగుతుంది. ఖాళీగా ఉన్న తడి జాగాలో తొక్కి చూస్తూ, ముందు చక్రాలే మొదట లాకయ్యేదాకా వాల్వు సర్దండి.

డిస్కులు వేశాక 14 అంగుళాల చక్రాలు పడతాయా?

కొన్ని పడతాయి, కొన్ని క్యాలిపర్‌కు తగులుతాయి. పాత స్టీలు చక్రాలు చాలావాటితో ఇబ్బందే. 15 అంగుళాలకు వెళ్తే తలనొప్పి ఉండదు. చక్రం పెట్టాక స్టీరింగ్‌ను రెండు కొసలకూ తిప్పి, బ్రేకు హోసు టైరుకు గానీ స్ప్రింగుకు గానీ తగలడం లేదని చూడండి.

స్ప్రింగు తీయకుండా స్పిండిల్ మార్చవచ్చా?

మార్చవచ్చు. స్ప్రింగు పై ఆర్మ్ మీద ఉండడం ఇక్కడ కలిసొస్తుంది. బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగానే పై ఆర్మ్‌కూ దాని కింద ఉన్న ఫ్రేమ్‌కూ మధ్య గట్టి చెక్క దిమ్మ ఒకటి బిగుతుగా పెట్టండి. ఇప్పుడు బండిని లేపి ఫ్రేమ్ కింద స్టాండ్లు పెడితే ఆర్మ్ దిమ్మ మీద ఆగుతుంది, స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది, స్పిండిల్ మీద దాని బరువు ఉండదు. బాల్ జాయింట్ నట్లు పూర్తిగా తీయకుండా రెండు మరలు ఉంచి, స్పిండిల్‌ను సుత్తితో పక్క నుంచి కొట్టి టేపర్ వదిలించండి. వదిలినట్టు శబ్దం వచ్చాకే నట్టు తీయాలి.

స్ప్రింగు తీయాల్సి వస్తే షాక్ అబ్జార్బర్, దాని పై మూత తీసి, టవర్ పై బెజ్జంలోంచి దిగే లోపలి రకం కంప్రెసర్ వాడండి. దాని కొక్కేలు కింది చుట్లను రెండు వైపులా సమంగా పట్టాలి. స్ట్రట్ల కోసం బయట తగిలించే రెండు కొక్కేల రకం ఇక్కడ పట్టదు, జారుతుంది. నొక్కిన స్ప్రింగులో ఎముకలు విరగ్గొట్టేంత శక్తి దాగి ఉంటుంది. గొలుసుతో టవర్‌కు కట్టి ఉంచండి, దాని ఎదురుగా తల పెట్టకండి.

బండి ముందు భాగం దించడానికి స్ప్రింగు కోయవచ్చా?

కోయవచ్చు, కొద్దిగానే. పైన చెప్పిన లెక్క ప్రకారం స్ప్రింగు అర అంగుళం తగ్గితే బండి సుమారు అంగుళం దిగుతుంది. ముందు అర చుట్టు కోసి, బిగించి, కొన్ని మైళ్లు నడిపి కొలవండి. గ్యాస్ మంటతో కోస్తే పక్క చుట్టు టెంపర్ పోతుంది. గ్రైండింగ్ చక్రంతోనే కోయాలి. వి8 బండి స్ప్రింగును ఆరు సిలిండర్ల బండికి వేస్తే ముందు భాగం లేచి కూర్చుంటుంది, దానికి ఇంజిన్ బరువు తేడాయే కారణం.

షెల్బీ డ్రాప్ అంటారే, అది ఏమిటి? ఎలా చేస్తారు?

పై ఆర్మ్ లోపలి కీలును షాక్ టవర్ మీద ఒక అంగుళం కిందికి దించడం. ఫోర్డ్ సస్పెన్షన్ ఇంజినీరు క్లాస్ ఆర్నింగ్ రూపొందించిన మార్పు ఇది, అందుకే ఆర్నింగ్ డ్రాప్ అని కూడా అంటారు. 1965 షెల్బీ జీటీ350లకూ (షెల్బీ కంపెనీ మార్చి అమ్మిన మస్టాంగ్‌లు) 1966 తొలి బండ్లకూ ఇది ఉంది.

అసలు అమరికలో ఆ కీలు మరీ ఎత్తులో ఉంటుంది. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటి చక్రం పై భాగం బయటికి వాలి, టైరు అంచు మీదే బరువు పడుతుంది. కీలు దించితే చక్రం లోపలికి వాలి టైరు రోడ్డును పూర్తిగా పట్టుకుంటుంది. కొత్త భాగం ఒక్కటీ కొనకుండా బండి స్వభావాన్ని ఇంతగా మార్చే పని ఈ బండ్లలో ఇంకొకటి లేదని మా గట్టి నమ్మకం. బయటి నుంచి ఏ బండి భాగాలు తెద్దామనుకున్నా ముందు ఇది చేయండి.

1965–66కు చేసే తీరు: స్ప్రింగు, పై ఆర్మ్ తీయండి. షిమ్ములు ఏ బోల్టువి ఆ బోల్టుకే కట్టి దాచండి. పాత బెజ్జాల మీద టెంప్లేట్ (కొత్త బెజ్జాల చోటు చూపించే అచ్చు) బిగించి, ఒక అంగుళం కిందికి, 1/8 అంగుళం వెనక్కి సెంటర్ పంచ్ కొట్టండి. 1/8 అంగుళం బిట్టుతో మొదలుపెట్టి క్రమంగా 17/32 అంగుళాలకు పెంచండి. టవర్‌కు అక్కడ రెండు పొరల రేకు ఉంటుంది, డ్రిల్లు నిటారుగా పట్టుకోకపోతే లోపలి బెజ్జం పక్కకు పోతుంది. అంచులు రాకి, తుప్పు పట్టకుండా రంగు వేయండి. ఆర్మ్ నట్లకు 75 నుంచి 100 ఫుట్-పౌండ్లు. బండి సుమారు 5/8 అంగుళం దిగుతుంది.

1967 తర్వాతి బండ్లకు టెంప్లేట్ వేరు. అంగుళం కన్నా ఎక్కువ దించాలనుకుంటే పై బాల్ జాయింట్ తన కోణం చాలక బిగుసుకుంటుంది, కాడ విరుగుతుంది. దానికి బాల్ జాయింట్ కింద పెట్టే వెడ్జ్ కిట్ తప్పనిసరి.

ఇవన్నీ చేసే ముందు షాక్ టవర్లలో ఏం చూడాలి?

బరువంతా వాటి మీదే కాబట్టి యాభై అరవై ఏళ్ల బండిలో టవర్లు లోపలికి వాలి ఉండవచ్చు. ఆర్మ్ బోల్టుల చుట్టూ, స్ప్రింగు కూర్చునే పై అంచు దగ్గర, కింద ఫ్రేమ్‌కు అతికే చోట పగుళ్లు వెతకండి. రంగు కింద సన్నని తుప్పు గీత కనిపిస్తే అది పగులే. ఎక్స్‌పోర్ట్ బ్రేస్ (రెండు టవర్లనూ ఇంజిన్ వెనక గోడకు కట్టే ఇనుప ముక్క) బిగించబోతే బెజ్జాలు కలవడం లేదంటే టవర్లు జరిగాయని తెలుసుకోండి. పగిలిన టవర్ మీద గట్టి స్ప్రింగులు, పెద్ద డిస్కులు వేస్తే పగులు ఇంకా సాగుతుంది. ముందు వెల్డింగు, తర్వాతే మార్పులు.

బుష్‌లు ఎప్పుడు బిగించాలి?

కింది ఆర్మ్, స్ప్రింగు పీఠం, కమాన్ పట్టీల రబ్బరు బుష్‌ల బోల్టులన్నీ బండి తన బరువు మీద నిలబడి ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలికపడి ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది, బండి ఎత్తు కూడా తప్పు చూపిస్తుంది.

వెనక ఇరుసు ఏ బండిది వేయవచ్చు?

వెడల్పు చూసి నిర్ణయించాలి. చక్రం ఆనే ముఖం నుంచి ముఖానికి 1965–66 మస్టాంగ్ ఇరుసు 57¼ అంగుళాలు, 1967–70ది 59¼, 1971–73ది 61¼. మావెరిక్‌ది 56½, గ్రనాడాది 58, వర్సైల్స్‌ది 58½. 1967 ఇరుసు 1965 బండికి వేస్తే ఒక్కో చక్రం అంగుళం బయటికి వస్తుంది, వెడల్పు టైరు ఫెండర్ అంచుకు రాసుకుంటుంది. మావెరిక్ ఇరుసు వెడల్పు తక్కువ కాబట్టి వెడల్పు టైర్లు వేసేవాళ్లకు అది మేలు.

వర్సైల్స్ 9 అంగుళాల ఇరుసుకు కంపెనీ ఇచ్చిన వెనక డిస్కులు ఉంటాయని చాలామంది వెతుకుతారు. ఆ క్యాలిపర్లలో హ్యాండ్ బ్రేకు యంత్రాంగం కలిసి ఉంటుంది, అది చిక్కు పని, భాగాలు దొరకడం కష్టం. ఇరుసు దొరికితే తీసుకోండి, బ్రేకులు మాత్రం మంచి డ్రమ్ములు వేసుకోవడమే మా సలహా.

కమాన్ పట్టీల పీఠాల మధ్య దూరం టేపుతో కొలవకుండా డబ్బు ఇవ్వకండి. పీఠాలు కోసి కొత్తవి వెల్డింగు చేయాల్సి వస్తే, ముందు చుక్కలు మాత్రమే పెట్టి బండిని నేలకు దించి, పినియన్ కోణం (డిఫరెన్షియల్ ముందు కొస వాలు) సరిచూసి, తర్వాత పూర్తి అతుకు వేయండి. యూ బోల్టులు పాతవి మళ్లీ వాడవద్దు, ఒకసారి సాగిన మర రెండోసారి పట్టదు.

ఫాల్కన్‌కు మస్టాంగ్ భాగాలు?

1964–65 ఫాల్కన్, కామెట్ వి8 బండ్లకు 1965–66 మస్టాంగ్ ముందు భాగాలు దాదాపు అన్నీ కుదురుతాయి. 1960–63 ఆరు సిలిండర్ల ఫాల్కన్ తేలికపాటి బండి, బాల్ జాయింట్ టేపర్లు పైన చెప్పిన మార్కరు పద్ధతిలో చూడకుండా ఏదీ కొనకండి. 1966 నుంచి ఫాల్కన్‌ను కురచ చేసిన ఫెయిర్‌లేన్ పునాది మీద కట్టారు. పేరు అదే అయినా భాగాలు ఫెయిర్‌లేన్ లెక్కలోనే వెతకాలి.

మస్టాంగ్ II ముందు భాగం వేస్తే అన్నీ తీరతాయంటున్నారు?

1974–78 మస్టాంగ్ II ముందు సస్పెన్షన్‌లో ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉంటుంది, షాక్ టవర్లు కోసేస్తే పెద్ద ఇంజిన్‌కు చోటు దొరుకుతుంది. కానీ ఇది బోల్టు విప్పి బోల్టు బిగించే పని కాదు. టవర్లు మోసే బరువును కింది ఫ్రేమ్ మీదకు మార్చాలి, ఆ ఫ్రేమ్ అందుకు కట్టింది కాదు. కొలత గల జిగ్గు (వెల్డింగులో భాగాలు కదలకుండా పట్టే చట్రం), మంచి వెల్డరు ఉంటే తప్ప దిగకండి. ఇంజిన్ ఇరుకు సమస్య లేని బండికి షెల్బీ డ్రాప్, డిస్కులు చాలు.

అలైన్‌మెంట్ ఎంత పెట్టమనాలి?

పాత పుస్తకాల్లోని అంకెలు అప్పటి బయాస్ టైర్లకు (రేడియల్‌కు ముందు వాడిన పాత రకం) రాసినవి. రేడియల్ టైర్లతో రోడ్డు మీద తిరిగే బండికి కేంబర్ మైనస్ అర డిగ్రీ, కాస్టర్ ప్లస్ 2 నుంచి 3 డిగ్రీలు, టో-ఇన్ (ముందు చక్రాల ముందంచులు లోపలికి తిరిగి ఉండడం) 1/8 అంగుళం మంచి మొదలు. 1966 దాకా బండ్లలో షిమ్ములు తీస్తే కేంబర్ మైనస్ వైపు, ముందు బోల్టుకు షిమ్ము చేరిస్తే కాస్టర్ ప్లస్ వైపు వెళుతుంది. కుర్ర మెకానిక్కులు చాలామంది షిమ్ముల బండిని చూసి ఉండరు, ఈ రెండు ముక్కలు కాగితం మీద రాసి ఇవ్వండి.

మన దగ్గరి మిల్లీమీటరు పానాలు సరిపోతాయా?

ఇండియా నుంచి తెచ్చుకున్న సెట్టుతో ఈ బండి ముట్టుకోకండి. బోల్టులన్నీ అంగుళాల లెక్కవే. 3/4కు 19 పానా ఇంచుమించు అతికినట్టు పడుతుంది. ½ అంగుళానికి 13 పానా కాస్త వదులుగా పడుతుంది, తుప్పు పట్టిన నట్టు మీద జారి మూలలు గుండ్రమవుతాయి. 9/16 మీద 14 పానా ఎక్కదు. 3/8 నుంచి 1⅛ అంగుళం దాకా సాకెట్లు, టార్క్ రెంచులు రెండు (ఒకటి ఫుట్-పౌండ్లది, ఒకటి అంగుళాల-పౌండ్లది), టై రాడ్ పుల్లరు, లోపలి స్ప్రింగు కంప్రెసర్ ఉంటే పై పనులన్నీ అవుతాయి. కంప్రెసర్ అద్దెకు ఇచ్చే దుకాణాలు అమెరికాలో చాలాచోట్ల ఉన్నాయి.

యార్డులో దొరికిన స్పిండిల్ మంచిదో కాదో?

బేరింగు కూర్చునే చోట నీలం లేదా గోధుమ రంగు కనిపిస్తే అది ఒకప్పుడు కాలింది, వదిలేయండి. గోరు తగిలేంత గీత ఉన్నా వద్దు. స్టీరింగ్ ఆర్మ్ వంగి ఉందేమో కుడి ఎడమలు పక్కపక్కన పెట్టి పోల్చండి. డోనర్ బండి ముందు మూల గుద్దుకుని ఉంటే ఆ వైపుది తీసుకోవద్దు. తెచ్చాక శుభ్రం చేసి, పగుళ్లు చూపించే డై పెనెట్రెంట్ స్ప్రే కొట్టించండి, ముఖ్యంగా ఇరుసు మొదలు వంపు దగ్గర.

బిగించాక మళ్లీ ఎప్పుడు చూడాలి?

మొదటి 50 మైళ్లకు చక్రం నట్లు, ఆర్మ్ నట్లు, యూ బోల్టులు టార్క్ రెంచుతో మళ్లీ చూడండి. బేరింగు ఆట చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపి చూడాలి. 500 మైళ్లకు యూ బోల్టులు ఇంకోసారి. స్ప్రింగులు ఈపాటికి తమ ఎత్తుకు దిగి ఉంటాయి కాబట్టి చివరి అలైన్‌మెంట్ అప్పుడు చేయించండి. మొదటి రోజే చేయిస్తే రెండోసారి డబ్బు కట్టాల్సి వస్తుంది. అందాకా టో ఒక్కటి టేపుతో సరిచేసుకుని నెమ్మదిగా నడపండి.